మందిరం గుమ్మంలో గిటారు



మన మందిరంలో ఆరాధన సంగీతం చూసుకున్న దివంగత మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇంతవరకు మన కీర్తనల గురించే మాట్లాడుతూ వచ్చారు. ఈసారి ఒక అమెరికా రాక్ బృందాన్ని ఎంచుకున్నానని తెలిసి కొందరు నొసలు చిట్లించారట. మాస్టారు ఉండి ఉంటే ఆయనా చిట్లించేవారే. హార్మోనియం, తబలా తప్ప మరో వాద్యాన్ని ఆరాధన దరిదాపులకు రానివ్వలేదాయన. ఆ పట్టుదల మీద గౌరవంతోనే ఆయనతో కొంచెం వాదులాడదామని వచ్చాను.

ఆ బృందం పేరు పెట్రా. 1972లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టింది. బాబ్ హార్ట్‌మన్, గ్రెగ్ హఫ్ గిటార్లు, జాన్ డిగ్రాఫ్ బేస్, బిల్ గ్లోవర్ డ్రమ్స్. కాలం కూడా కలిసొచ్చింది. కాలిఫోర్నియా తీరంలో హిప్పీలు సముద్రంలో దిగి గుంపులు గుంపులుగా బాప్తిస్మం తీసుకుంటున్నారు. 1971 జూన్‌లో టైమ్ పత్రిక ఆ ఉజ్జీవాన్ని ముఖచిత్రానికెక్కించింది. ప్రభువు దగ్గరికి వచ్చిన కుర్రాడు జుట్టు కత్తిరించుకోవాలా, గిటారు పారేయాలా అని సంఘాలు తర్జనభర్జన పడుతున్నాయి. జుట్టు సంగతి తొందరగానే తేలిపోయింది. గిటారు సంగతే తేలలేదు.

1974లో వచ్చిన తొలి రికార్డును పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1977 నాటి రెండో రికార్డులో ఆర్జెంట్ అనే లౌకిక బృందం పాటను మాటలు మార్చి పాడారు. లోకపు బాణీకి సువార్త తొడగడమేమిటని కొందరికి కోపం రావడానికి అది చాలు. అసలు చిక్కు అమ్మకంలో ఉంది. అమెరికాలో ఈ రికార్డులు ఎక్కువగా క్రైస్తవ పుస్తకాల షాపుల్లోనే అమ్ముడుపోయేవి. రాక్ రేడియోకు పెట్రా పాట ప్రసంగంలా వినిపించేది, క్రైస్తవ రేడియోకు గోలలా వినిపించేది. చివరికి 1981లో ‘నెవర్ సే డై’ ఆల్బమ్‌లోని ‘ద కలరింగ్ సాంగ్’ అనే మెత్తని పాట క్రైస్తవ రేడియో తలుపు తీయించింది. రాక్ బృందానికి దారి చూపించింది రాక్ కాని పాట! వాళ్లకు ఇది కొంచెం చేదుగానే ఉండి ఉంటుందని నా ఊహ.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఎనభైల మొదట్లో అమెరికాలో ఒక భయం పాకింది. రాక్ రికార్డులను వెనక్కి తిప్పి వింటే సాతాను సందేశాలు వినిపిస్తాయని ప్రసంగీకులు సభల్లో తిప్పి మరీ వినిపించేవారు. పెట్రా దానికి వ్యాసం రాయలేదు, ప్రకటన ఇవ్వలేదు. 1982లో వచ్చిన ‘మోర్ పవర్ టు యా’ ఆల్బమ్‌లో ‘జూడాస్ కిస్’ పాట మొదట్లో తామే ఒక మాటను తలకిందులుగా రికార్డు చేసి పెట్టారు. పట్టుబట్టి వెనక్కి తిప్పి విన్నవాడికి దొరికింది ఒక మందలింపు: ప్రభువును వెతకాల్సినవాడివి, సాతానును వెతుక్కుంటూ కూర్చున్నావేమిటని. అనుమానంతో చెవి రిక్కించినవాడికి మాత్రమే చేరే ఉత్తరం అది. సంగీతంలో ఇంత చమత్కారమైన జవాబు నేనింకొకటి ఎరగను. అయినా వాదం ఆగలేదు. క్రైస్తవ రాక్ గొర్రెతోలు కప్పుకున్న తోడేలని ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ 1987లో ఏకంగా పుస్తకమే వేశారు.

ఇదంతా మనకు కొత్తా? 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి రాగతాళాలు కట్టి కీర్తనలు రాశారు. ఇంగ్లీషు బాణీల పక్కనే మన రాగాలు మందిరంలో కూర్చున్నాయి. కచేరీల్లో వినిపించే రాగంలోనే ప్రభువును స్తుతించాం. మాస్టారు కాపాడిన సంప్రదాయం కూడా ఒకనాటి కొత్తే. ఈ మాట ఆయన ఎదుట అని ఉంటే ఏమనేవారో చెప్పలేను గానీ, హార్మోనియం మూత మాత్రం గట్టిగా వేసేవారు.

పెట్రాను ముప్పై ఏళ్లకు పైగా నిలబెట్టింది ఏమిటని అడిగితే, నేను గొంతుల పేరు చెప్పను, హార్ట్‌మన్ పేరు చెబుతాను. మొదట్లో ప్రధాన గాయకుల్లో అతనూ ఒకడు. తనకంటే బలమైన గొంతు గ్రెగ్ ఎక్స్. వోల్జ్ రూపంలో దొరకగానే మైకు అప్పగించి పాటలు రాసుకున్నాడు. 1986లో వోల్జ్ వెళ్లిపోతే, జాన్ ష్లిట్‌ను పిలిచాడు. ష్లిట్ ఒకప్పుడు హెడ్ ఈస్ట్ అనే పేరున్న రాక్ బృందం గాయకుడు. మత్తుకు బానిసై ఆ ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత మారుమనసు పొంది, సంగీతం వదిలేసి అప్పటికి ఇంజినీరుగా బతుకుతున్నాడు. సాక్ష్యం చెప్పగల మనిషి, పైగా ఎత్తు స్వరం. తొంభైల నడుమ హార్ట్‌మన్ ఊరూరూ తిరిగే కచేరీలు కూడా మానుకున్నాడు, రాయడం మానలేదు. మన క్వయర్లలో మైకు కోసం జరిగే యుద్ధాలు చూసినవాళ్లకు ఇది ఎంత అరుదో నేను వేరే చెప్పక్కర్లేదు.

గ్రామీలు, హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 1990 నాటి ‘బియాండ్ బిలీఫ్’కు గ్రామీ వచ్చింది. మొత్తం నాలుగు గ్రామీలు. 2000లో గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. నాకు వీటికంటే 1989 నాటి ‘పెట్రా ప్రెయిజ్’ ముఖ్యం. అందులో ఈ రాక్ బృందం ఆరాధనలో సంఘమంతా కలిసి పాడుకునే స్తుతి పాటలను తన డప్పుతో, తన గిటారుతో పాడింది. తర్వాతి దశాబ్దంలో అమెరికా క్రైస్తవ సంగీతం ఏ దిక్కుకు మళ్లిందో ఆ దిక్కుకు వీళ్లు ముందే ఒక అడుగు వేశారు.

అయితే దారి వేసినవాళ్లే ఆ దారిలో వెనకబడ్డారు. 1995లో డీసీ టాక్ బృందం ఆల్బమ్ ‘జీసస్ ఫ్రీక్’ వచ్చింది. జార్స్ ఆఫ్ క్లే అనే మరో బృందం తొలి ఆల్బమ్ కూడా ఆ ఏడాదిదే. అందులోని ‘ఫ్లడ్’ బయటి రేడియోలోనూ మోగింది. పెట్రాకు ఎప్పుడూ తెరుచుకోని తలుపు ఆ కుర్రాళ్లకు తేలిగ్గా తెరుచుకుంది. పెట్రా శబ్దం అప్పటికి పాతబడిందని నేనూ ఒప్పుకుంటాను. తొంభైల చివరి రికార్డుల్లో కొన్ని ఎవరికోసమో తెలియనట్టు ఉంటాయి. 2003లో ‘జెకిల్ అండ్ హైడ్’కు హార్ట్‌మన్ మళ్లీ గిటారు పట్టాడు. ఆ ఆల్బమ్‌ను నిర్మించింది న్యూస్‌బాయ్స్ బృందపు అప్పటి గాయకుడు పీటర్ ఫర్లర్. పెట్రా తర్వాతి తరం వాడు. 2005 డిసెంబర్ 31 రాత్రి టెనెసీలోని మర్‌ఫ్రీస్‌బరోలో వీడ్కోలు కచేరీ మొదలై కొత్త సంవత్సరంలోకి సాగింది. వీడ్కోలు మాట మీద వాళ్లు నిలబడలేదు లెండి. 2010లో వోల్జ్‌తో పాత సభ్యులు కలిసి పాత పాటలు మళ్లీ రికార్డు చేశారు. యాభై ఏళ్లు నిండాక ష్లిట్‌తో మళ్లీ వేదికలెక్కారు.