కబడ్డీకి పోయే పిల్ల పళ్ళు



శనివారం మన బడి పిల్లలు కబడ్డీ పోటీలకు పోతున్నారు. ఆడపిల్లలూ పోతున్నారు. అందుకే ఈ రోజు పళ్ళ గురించి మాట్లాడతాను. కబడ్డీకీ పళ్ళకీ ఏమిటి సంబంధం అని నవ్వకండి.

మా అక్క కూతురి సంగతి వినండి. అప్పుడు దానికి పదేళ్ళు. కూతకు వెళ్ళింది. పట్టుకోబోయిన పిల్ల మోచెయ్యి దాని మూతికి తగిలింది. పైవరుసలో ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. ఎవరో పిల్ల ఏరి ఇంటికి తెచ్చింది. మా అమ్మ దాన్ని పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరింది. "మళ్ళీ వస్తుందిలే" అంది. నేను పక్కనే ఉన్నాను. నాకూ తెలియదు, ఊరుకున్నాను.

ఆ పన్ను మళ్ళీ రాలేదు. పాలపళ్ళు 20. అవి ఊడితే కొత్తవి వస్తాయి. ముందు పళ్ళు ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు మారతాయి. అలా వచ్చిన పన్ను పోతే ఇక రాదు.

ఇప్పుడా పిల్ల నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. "ఆడపిల్లకు మూతి చెడితే ఎవరు చేసుకుంటారు?" అని ఆట మాన్పించారు. దాని కూత మూడు వీధులకు వినబడేది! పన్ను పోయినదానికన్నా ఆట పోయినందుకే నాకు బాధ.

ఆట మాన్పించక్కరలేదు. మౌత్ గార్డ్ అని ఒకటి ఉంది. మెత్తటి ప్లాస్టిక్ తొడుగు. పైపళ్ళకు తొడుక్కోవాలి. దెబ్బ తగిలితే ఆ జోరంతా ఒక్క పన్ను మీదే పడనివ్వదు. పెదవి తెగకుండా కూడా కాపాడుతుంది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. బాక్సింగ్‌లో ఇది లేకపోతే బరిలోకి దిగనివ్వరు. మన ఊళ్ళ కబడ్డీలో ఎవరూ అడగరు. మనమే అడగాలి.

టౌనులో ఆట సామాను అమ్మే కొట్లో దొరుకుతుంది. వేడినీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. తీసి, కాస్త ఆరాక నోట్లో పెట్టి కొరికితే పళ్ళ అచ్చు పడుతుంది. ఎంతసేపు ఉంచాలో ప్యాకెట్ మీద ఉంటుంది. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా, చదవండి. ఇంగ్లీషులో ఉంటే పిల్లచేత చదివించుకోండి. పళ్ళ డాక్టరు కొలత తీసి చేసేది ఇంకా బాగా కుదురుతుంది, ఖర్చు ఎక్కువ. నోరు తెరవగానే జారిపోయేది దండగ. అక్కది చెల్లికి పెట్టకండి. ఆట అయ్యాక చల్లటి నీళ్ళతో కడగండి. పిల్ల ఎదుగుతుంటే ఏటా సరిచూసుకోండి.

పెట్టుకుంటే కూత ఎలా అంటారా? సరిగ్గా కుదిరితే మాట వస్తుంది. ముందు నాలుగు రోజులు ఇంట్లో అలవాటు చెయ్యండి.

అయినా పెద్ద పన్ను ఊడిందనుకోండి. విసరకండి! వేరును ముట్టుకోకుండా, పైకి కనబడే తెల్లటి భాగం పట్టుకోండి. మట్టి ఉంటే చల్లటి నీళ్ళతో ఒక్కసారి కడగండి, రుద్దకండి. అదే గుంటలో పెట్టి, మెత్తటి గుడ్డ కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే పాలలో వెయ్యండి. గంటలోపు పళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఎంత త్వరగా వెళితే అది బతికే ఆశ అంత. పాలపన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు.

శనివారం నేను కాచి చల్లార్చిన పాలు ఒక సీసాలో పట్టుకుని బరి పక్కనే ఉంటాను. మీలో ఎవరెవరు వస్తారు?