మన సరుకు, మన పూచీ

రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం గారు స్వదేశీ కలం చేసి పంపితే, గాంధీజీ దానితో రాసి చూసి, బాగుందని 1935లో జాబు రాశారు. స్వదేశీ కావడంతోపాటు సరిగా రాసింది గనుకనే మెచ్చారు.

పాల విషయమూ అంతే. 2019లో మన దేశం ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందంలో చేరలేదు. చేరితే న్యూజిలాండ్ పాలపొడి చౌకగా వచ్చిపడి మన పాలకు ధర పోతుందని పాడిరైతులు భయపడ్డారు. ఆ గండం గడిచింది. కాని ప్రతిసారీ ప్రభుత్వమే అడ్డుగోడ కట్టాలంటే ఎలా?

మన పాలే కావాలని పట్నంవాసి అడగాలి. ఒక్కరు నీళ్లు కలిపితే కలిపిన క్యానంతా పలచబడుతుంది. నష్టం సంఘమంతా మోయాలి. కనుక లాక్టోమీటరు పెట్టిన గుమస్తాపై కోపగించవద్దు. స్వదేశీ కొనండని ఇతరులకు చెప్పేముందు మన బిందె మనం చూసుకుందామని మనవి.