చంద్రోదయము – ఘడియల లెక్క

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను కళాశాలలో చదివినవాడను గాను. భారత భాగవతములు దీపపు వెలుతురున నాకు నేనే చదువుకొన్నవాడను. నాకు చేతనైన విద్య గ్రామలెక్కలు వ్రాయుట. కావున నేడును ఒక లెక్కయే మనవి చేయుదును. అది చంద్రుని లెక్క.

సంకటహర చతుర్థినాడు ఉపవాసమున్న తల్లులు చంద్రుడెప్పుడు వచ్చునాయని తూర్పుదిక్కు చూచుచుందురు. ఆనాడు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట సుమారు ఎనిమిది ఘడియలకుగాని చంద్రుడు పొడచూపడు. ఎనిమిదియే యేల? అహోరాత్రమునకు 60 ఘడియలు. చాంద్రమాసమునకు 30 తిథులు. భాగించినచో తిథికి రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు. ఆకాశమున సూర్యుడు దినమునకు సుమారు ఒక డిగ్రీ, చంద్రుడు సుమారు 13 డిగ్రీలు తూర్పునకు జరుగుచుందురు. ఆ 12 డిగ్రీల యెడమే తిథి. దానివలన కలుగు ఆలస్యమే రెండు ఘడియలు.

శుక్లపక్షమున తిథిని రెండింట గుణించినచో సూర్యాస్తమయము తరువాత చంద్రుడెన్ని ఘడియలు నిలుచునో తెలియును. బహుళపక్షమున నట్లే గుణించినచో ఎన్ని ఘడియలకు ఉదయించునో తెలియును. శుక్లాష్టమినాటి సగము చంద్రుడు మధ్యాహ్నమే పొడిచి అర్ధరాత్రి గ్రుంకును. బహుళాష్టమివాడు అర్ధరాత్రి వచ్చి మరునాటి మధ్యాహ్నమునకు పోవును. పున్నమినాడు సూర్యచంద్రులు ఎదురెదురుగా నుండుటచే ఒకరు గ్రుంకగా నొకరు పొడుతురు. అమావాస్యనాడు ఇరువురును కలిసియే వచ్చి కలిసియే పోదురు. నాటకపు తెరలపై సంధ్యవేళ తూర్పున నెలవంక పొడుచుచున్నట్లు చిత్రించుచుందురు. అట్టి చంద్రుడింకను పుట్టలేదు! చంద్రుని వేగము ఒకేరీతి నుండదు, దారి వంపు మారుచుండును గావున ఈ లెక్కకు ఒకటి రెండు ఘడియల తేడా వచ్చుట కలదు.

ఇంత తెలిసియు నేనొకమారు తప్పితిని. ఒక రైతు పొరుగువాని చేనిగట్టు రాత్రివేళ తెగగొట్టెనని తగవు వచ్చినది. బహుళ దశమినాడు తొలిజామున వెన్నెలలో అతని ముఖము గుర్తించితినని సాక్షి చెప్పెను. నేను వ్రాసికొంటిని. పెద్దలు నమ్మిరి. రైతు పాడిగేదెనమ్మి అపరాధము చెల్లించెను.

కొన్నేండ్లకు ఈ గ్రంథాలయముననే లింకన్ మహాశయుని చరిత్ర చదివితిని. 1858లో ఆయన న్యాయవాదిగా నుండి, హత్యాభియోగమున చిక్కిన యొక యువకుని పక్షమున వాదించెను. 1857 ఆగష్టు 29 రాత్రి పదకొండు గంటల ప్రాంతమున, చంద్రుడు ఎత్తున వెలుగుచుండగా నేరమును చూచితినని సాక్షి చెప్పెను. లింకన్ పంచాంగము తెప్పించి, ఆవేళకు చంద్రుడు అస్తమయమునకు సమీపించెనని చూపెను. యువకుడు విడుదలయ్యెను.

పుస్తకము మూయలేదు, గుండె ఝల్లుమన్నది. దశమికి ఇరువది ఘడియలు! అనగా రాత్రి రెండుగంటల ప్రాంతము. తొలిజామున వెన్నెల యెక్కడిది?

పంచాంగము చంకనిడుకొని ఆ రైతు ఇంటికి పోయితిని. అతడు సాంతముగా విని, “ఆ రేయి చీకటని నేను మొత్తుకొంటిని గదా, కరణంగారూ” అనెను. అంతకుమించి యొక్కమాటయు ననలేదు. పెద్దలు మరల కూడి సొమ్ము తిరిగి యిప్పించిరి. గేదె మాత్రము అప్పటికే చేతులు మారిపోయినది.

ఆ పుస్తకము నేటికిని రెండవ బీరువాలో నున్నది. సెలవు.