అగ్నిప్రమాదాలు - జమాఖర్చులు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిప్పార్పే సిలిండర్లు, రెండో తలుపు, పాత వైరింగు మార్పిడి - వీటి మాట ఎత్తగానే ఏ కమిటీలోనైనా వచ్చే మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అని. అడగవలసిన ప్రశ్నే. చందాల డబ్బు, ప్రతి రూపాయికీ జవాబు చెప్పాలి. అయితే ఈ లెక్క ఒక వైపే రాస్తున్నామని మా మనవి.

2022 సెప్టెంబరులో చిత్తూరు రంగాచారి వీధిలో పేపరు ప్లేట్లు తయారుచేసే చోట రాత్రిపూట మంటలు లేచి ముగ్గురు పోయారు. వారం తిరగకముందే రేణిగుంటలో, ఆస్పత్రీ కాపురమూ ఒకటిగా ఉన్న భవనంలో డాక్టరుగారు, ఆయన ఇద్దరు పిల్లలు చనిపోయారు. కింద అంగడి, పైన సంసారం మనలో ఎందరికి లేదు?

లెక్క రెండో వైపు ఎలా ఉంటుందో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు కేసులో చూడవచ్చు. 1997 జూన్ 13న అక్కడ ట్రాన్స్‌ఫార్మరు అంటుకుని, పొగ బాల్కనీకెక్కి 59 మంది చనిపోయారు. నడిచే దారి మూసి అదనపు సీట్లు వేసి ఉన్నారు. ఆ సీట్ల మీద టిక్కెట్ల డబ్బు ఏళ్ళ తరబడి జమ అయింది. ఇరవై దాటిన మృతునికి 18 లక్షలని హైకోర్టు అంటే, 2011లో సుప్రీంకోర్టు 10 లక్షలకు తగ్గించింది. అంతకంటే చిన్నవారికి ఏడున్నర లక్షలు. గాయపడినవారికి తలా లక్ష. పద్నాలుగేళ్ళకు తేలిన సంగతి ఇది. ఖర్చు మిగుల్చుకున్నవారు ఒకరు, నష్టం మోసినవారు మరొకరు!

లక్ష దేనికి వస్తుందండీ? కాలిన ఒంటికి నెలల తరబడి కట్లు మార్చాలి. తొడ మీద చర్మం తీసి మరోచోట అతకాలి. మానినాక చర్మం బిగుసుకుని మెడ తిరగదు, మోచెయ్యి చాపలేరు, మళ్ళీ ఆపరేషను. వేలూరుకో తిరుపతికో తోడు వెళ్ళే మనిషి కూలి పోతుంది. ఆడపిల్లయితే సంబంధాలు వచ్చి వెనక్కి పోతాయి. ఈ పద్దులు ఏ సంఘం పుస్తకంలోనూ ఉండవు, ఆ ఇంట్లోనే ఉంటాయి.

ఇక మొదటి వైపు. ఆరు కిలోల పొడి సిలిండరు రెండు మూడు వేలకు వస్తుంది, ఒక దేగు బిర్యానీ ఖర్చు కూడా కాదు. ఏటా పరీక్ష చేయించాలి, వాడడం నలుగురికి నేర్పాలి. పెళ్ళి జరుగుతున్నంతసేపు వెనుక తలుపు తాళం తీసి ఉంచడానికి, దానికడ్డంగా కుర్చీలు పేర్చకుండా ఉండడానికి పైసా కాదు. బావర్చీల పొయ్యిలు షామియానాకు దూరంగా పెట్టించడానికీ అంతే. ఖర్చున్నది వైరింగుకే. ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ చుట్టే హాళ్ళు చూశాం, అక్కడ తీగ కాలడం మానేసి గోడలో వైరు కాలుతుంది.

కనుక షాదీ మహల్‌కు రంగులు వేయించే పద్దుకంటే ముందు ఈ పద్దును సభ ముందు చదవమని కోశాధికారిగారిని కోరుతున్నాం.