బస్సు రాని నగరము

(విశాఖపట్టణమున జరిగిన యొక పౌరసభయందు ఒక న్యాయవాది చేసిన యుపన్యాసపాఠము)



నేటి సాయంకాలము ఈ సభకు బస్సునందు వచ్చినవారెందరని యడిగినచో లేచు చేతులు పదికి మించవు. తప్పు పట్టుటకై యడుగుట లేదు. మేమును మా కారునందే వచ్చితిమి. దానిని నిలుపుటకు చోటు దొరకక ఈ వీథిచుట్టు మూడు ప్రదక్షిణములు చేసితిమి. ఉపన్యాసకుని యాలస్యమునకు ఉపన్యాసవిషయమే కారణమైనందున అధ్యక్షులు క్షమింతురుగాక.

న్యాయవాదవృత్తిలో మాకు ఇరువదియేండ్లు గడచినవి. అందు పెక్కుకాలము మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలు ముందరనే గడచినది. ఆ యనుభవమే మమ్ము ప్రజారవాణా ఉద్యమమున సేవకులుగా చేర్చినది. అందలి యొక్క వ్యాజ్యమును మీ ముందుంచి పిమ్మట విషయమునకు వచ్చెదము.

ఇరువదియెనిమిదేండ్ల యువకుడు. గాజువాక చేరువ నొక కర్మాగారమున కంట్రాక్టు కార్మికుడు. కాపురము నగరపు రెండవ కొసను, మధురవాడ దాటిన పిదప. మధ్యాహ్నము 2 గంటల షిఫ్టునకు బస్సుపై పోవుట యతనికి కష్టము కాలేదు. కష్టమెల్ల రాత్రి 10 గంటలకు పని వదలిన తరువాతనే. బస్సు వచ్చునో రాదో తెలియదు. వచ్చినను నడుమ దిగి మరియొకటి పట్టవలెను. ఆ రెండవది యప్పటికే వెళ్లిపోయియుండును. కొన్నినాళ్లు తోడివాని బండిపై ఇల్లు చేరెను. పిదప వాయిదాలపై తానే యొక బండి కొనెను. తొమ్మిదవ వాయిదా చెల్లించిన నెలలో జాతీయ రహదారిపై వెనుకనుండి వచ్చిన లారీ యతనిని త్రోసివేసెను.

భార్య, తల్లి, చంటిబిడ్డ మా యొద్దకు వచ్చిరి. ఇట్టివారి పరిహారమును నిర్ణయించుటకు సుప్రీముకోర్టు 2009లో సరళావర్మ వ్యాజ్యమున నొక పట్టిక నేర్పరచినది. ఆ వ్యాజ్యమున ప్రతివాది ఢిల్లీ రవాణాసంస్థయే. 26 మొదలు 30 ఏండ్ల వయస్సువానికి గుణకము 17. ఆధారపడినవారు ముగ్గురైనచో మృతుని సొంత వ్యయము క్రింద మూడవవంతు తీసివేయవలెను. మేమును ఆ లెక్కయే వేసితిమి. బీమా కంపెనీ న్యాయవాది హెల్మెట్టును గూర్చి ప్రశ్నించెను. లైసెన్సును గూర్చి ప్రశ్నించెను. మేము లారీ దీపములను గూర్చి ప్రశ్నించితిమి. పరిహారము వచ్చినది. అయితే రాత్రి పదిన్నర గంటలకు ఆ మనుష్యుడు ఆ రహదారిపై రెండు చక్రములమీద నేల యుండవలసివచ్చెనని మేమడుగలేదు, వారడుగలేదు, న్యాయాధిపతియు నడుగలేదు. అడిగినను ఎవరిని ప్రతివాదిగా చేర్చుదుము? రాని బస్సునకు నెంబరు లేదు, డ్రైవరు లేడు, బీమా లేదు.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వమే ప్రకటించినది. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారు. మన నగరము కార్లపై నాధారపడినదని పెద్దలు చెప్పుచుందురు. కార్లున్నవారికి అది నిజమే. తక్కినవారు ఆధారపడినది రెండు చక్రములమీద. అందును పెక్కుమంది అప్పుచేసి కొన్న చక్రములమీద.

ఇక ఈ నగరమును చూడుడు. బస్సులకొరకే దైవము దీనిని నిర్మించెనా యనిపించును. ఒకవైపు సముద్రము, ఒకవైపు కొండలు. కూర్మన్నపాలెము, గాజువాక, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు, మద్దిలపాలెము, హనుమంతవాక, మధురవాడ, కొమ్మాది: ఇవి యన్నియు ఒక్కదారమునకు గ్రుచ్చిన పూసలు. 2011 జనాభా లెక్కలనాటికే మహానగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలకు పైబడి జనమున్నారు. నలువైపుల విస్తరించిన నగరమున నొక్కొక్కడొక్కొక్క దిక్కునకు పోవును; అట్టిచోట బస్సు నడుపుట కష్టము. ఇచ్చట ఉద్యోగియు, కార్మికుడును, విద్యార్థియు, కె.జి.హెచ్. ఆసుపత్రికి పోవు రోగియు, చాలవరకు ఒక్కగీతపైననే పోవుచు వచ్చుచుందురు. ఒక్కబస్సు రెండుమూడు కార్ల చోటు నాక్రమించి యరువదిమందిని గొనిపోవును. మనము చేసినదేమి? ఆ యొక్కగీతయే 16వ నెంబరు జాతీయ రహదారి కూడ కాగా, లారీలను, కార్లను, బండ్లను, ఆటోలను దానిలో పోసి, నిలిచిపోయినప్పుడు పైన నొక వంతెన వేయుచున్నాము. ఎన్.ఏ.డి. కూడలియందు 2020లో వంతెన తెరచిరి. ఆ కూడలి తేరుకొన్నది. రద్దీ తరువాతి కూడలికి కాపురము మార్చినది.

వంతెన కట్టునప్పుడు అది యెంత లాభము తెచ్చునని యెవరును అడుగరు. బస్సును గూర్చి మాటయెత్తినంతనే లాభనష్టముల ప్రశ్న వచ్చును. ఈ భేదమునకు మూలము చట్టమునందే కొంత కలదు. 1950వ సంవత్సరపు రోడ్డు రవాణాసంస్థల చట్టము 18వ సెక్షను, సమర్థమైన, చాలినంత, చౌకయైన, సుసంఘటితమైన రవాణాను సమకూర్చుట సంస్థయొక్క విధి యనుచున్నది. అదే చట్టము 22వ సెక్షను, సంస్థ వ్యాపారసూత్రముల ననుసరించి నడువవలె ననుచున్నది. ఒక్క చట్టములో నాలుగు సెక్షనుల దూరమున ఇద్దరు యజమానులు! 1958లో మన ఆర్.టి.సి. యేర్పడినది మొదలు ఆ సంస్థ ఈ యిరువురి నడుమ నలుగుచునే యున్నది. పల్లెదారి బస్సును తీసివేసినపుడు 22వ సెక్షను వినవచ్చును. ఎన్నికలముందు 18వది జ్ఞాపకము వచ్చును. 2020 జనవరి 1వ తేదీన సంస్థ యుద్యోగులను ప్రభుత్వమునందు విలీనము చేసిరి. జీతముల భారము ప్రభుత్వము వహించినది, సంతోషము. అయితే కార్మికుని మేలు వేరు, ప్రయాణికుని మేలు వేరు. నిమిషముల లెక్కను బస్సు వచ్చునట్లు చేయుట యింకను ఎవరి పూచీయో తేలలేదు.

2025 ఆగస్టు 15వ తేదీ నుండి మన రాష్ట్రమున స్త్రీలకు బస్సుప్రయాణము ఉచితమైనది. మేము దీనిని మనసార నభినందించుచున్నాము. ఇండ్లలో పాచిపని చేయు తల్లికి దినమునకు మిగులు ఆ రూపాయలు మన లెక్కలో స్వల్పము, ఆమె లెక్కలో కూరగాయలు. అయితే ఉచితముగా నెక్కు హక్కు రాని బస్సునకు వర్తింపదు. వచ్చినదానికి ఫుట్‌బోర్డుపై వ్రేలాడవలసివచ్చినచో ఆ హక్కు సగమే.

మెట్రో మాట చెప్పకున్న సభికులు మమ్ము వదలరు. 2014వ సంవత్సరపు రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము 13వ షెడ్యూలు విశాఖపట్టణమునకు మెట్రోరైలు సౌకర్యముయొక్క సాధ్యాసాధ్యములను ఒక సంవత్సరములోగా పరిశీలింపవలెనని యాదేశించినది. పరిశీలింపవలెనని కలదు గాని, నిర్మింపవలెనని లేదు. క్రియాపదమును చూచి చట్టమును చదువవలెనని మా గురువులు చెప్పెడివారు. ఆ సంవత్సరము ఈ నగరవాసులు నామవాచకమును మాత్రమే చదివి సంతసించిరి. పదేండ్లు గడచిన పిదప, 2024 డిసెంబరులో, రాష్ట్రప్రభుత్వము మొదటిదశకు 46.23 కిలోమీటర్ల మార్గమును, 11,498 కోట్ల రూపాయల యంచనాను ఆమోదించినది. ఉక్కు కర్మాగారము నుండి కొమ్మాది వరకు సాగు మార్గమే అందు ముఖ్యము. అనగా మన పూసలదారమే. మెట్రో వలదని మేమనము. వచ్చిననాడు తొలి టిక్కెట్టు కొందుము. అయితే మెట్రో వచ్చుననెడి మాటయే బస్సును చేయకుండుటకు సాకు కారాదు. పెద్దపీటపై విందు వడ్డింతుమని చెప్పి గంజిని నిలిపివేసిన యింటివలె నున్నది మన స్థితి.

బస్సుల విషయమున మనకు పాఠము లేకపోలేదు. నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకపు నిధులతో పెందుర్తికొకటి, సింహాచలమునకొకటి, బస్సులకు ప్రత్యేకమార్గములు తలపెట్టిరి. రోడ్లు వెడల్పైనవి. ఇండ్లు, దుకాణములు కోలుపోయినవారున్నారు. నడుమ బస్సుదారి గీసిరి. ఆ దారిలోనికి కార్లును, బండ్లును ప్రవేశించినవి. నిమిషనిమిషమునకు రావలసిన బస్సులు మాత్రము రాలేదు. బస్సుమార్గ మనునది తారురోడ్డు కాదు. బస్సులు, వేళలు, దారినడ్డగించినవానికి జరిమానా, ఎక్కుటకు మెట్టులేని వేదిక, ఆ వేదికకు చేరుటకు కాలిబాట, ఇవియన్నియు గూడిన పేరది. ఒక్క తారు వేసి తక్కినవి మరచినందున ఈ పద్ధతియే పనికిరాదని తీర్పు చెప్పుట, సాక్షిని పిలువకయే వ్యాజ్యము కొట్టివేయుటవంటిది.

దూరదేశపు దృష్టాంతములు వలదు. ఇదే రహదారి నంటి ఉత్తరముగా పోయినచో భువనేశ్వరము వచ్చును. మన నగరముకంటె పెద్దది కాదు. 2018 నవంబరు 6వ తేదీన అచ్చట ‘మో బస్’ అను పేర బస్సులు ప్రారంభించిరి. ఒడియాలో ‘మో’ యనగా ‘నా’ యని యర్థము. నగరరవాణాకే యొక ప్రత్యేకసంస్థ నేర్పరచి, బస్సు ఎచ్చటనున్నదో ప్రయాణికుడు తన ఫోనులో చూచుకొనునట్లు చేసిరి. 2022లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారము ఆ సంస్థకు లభించినది. అందు అద్భుతమేమియు లేదు. ఈ పని మాది యని చెప్పునొక కార్యాలయ మున్నది, అంతియే.

మన ప్రజలు బస్సెక్కరు, సొంతబండియే కోరుదురు, అను నాక్షేపణ తరచుగా వినుచుందుము. దీనికి సమాధానము గాజువాక కూడలియందు నిలిచి చూచిన దొరకును. షేర్ ఆటోలు నిమిషమునకొకటి నిండి పోవుచున్నవి. మోటారు వాహనముల చట్టము ప్రకారము ఆటో ఒప్పందపు వాహనము. దారిలో ఒక్కొక్కరిని ఎక్కించుచు దింపుచు పోవుట స్టేజి క్యారేజి పర్మిటు గలవారి పని. కాబట్టి ఈ నగరపు కార్మికలోకము దినదినము చట్టోల్లంఘనముననే పనికి చేరుచున్నది! ఆటోవారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారు లేకున్న ఈ నగరము ఉదయము 9 గంటలకు లేవజాలదు. సర్కారు సాయము లేకయే వారికి గిరాకి యున్నదన్నచో, నమ్మకముగా వచ్చు వాహనమునకు జనము సిద్ధముగా నున్నారనుటకు వేరు సాక్ష్యమేల?

కారున్నవారు దిగివచ్చి బస్సెక్కుదురా? కొందరు రారు. మేమును అన్నిదినములు రాకపోవచ్చును. అది వాదమునకు భంగము కాదు. బస్సులో పోవువారు పెరిగినకొలది కారులో పోవువానికే దారి దొరకును. ఇంకొకమాట. మనము వాడు ముడిచమురులో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. మన యూరి మల్కాపురమున చమురుశుద్ధి కర్మాగారమున్నంత మాత్రమున అది మన చమురు కాదు. కూడలియందు నిలిచి మండు ప్రతి లీటరునకు మనము విదేశములకు కప్పము కట్టుచున్నాము.

మేము కోరునవి స్వల్పములు. కూర్మన్నపాలెము, కొమ్మాదుల నడుమ పగలు అయిదు నిమిషములకొక బస్సు. రద్దీవేళల నా దారిలో ఒకవరుస బస్సులకే. పెందుర్తి, సింహాచలము దారులలో ఇదివరకే గీసిన వరుసలను బస్సులకు తిరిగి యిప్పించుట. స్టాపు వద్ద నీడ, స్టాపునకు కాలిబాట. ఈ పనులకు పూచీవహించు నొక నగరరవాణా కార్యాలయము. అన్నిటికంటె ముందు, రాత్రి షిఫ్టు వదలిన తరువాత 11 గంటలవరకు తప్పక నడుచు బస్సు. దీనికి వేలకోట్లు వలదు. మెట్రో స్తంభము లేచువరకు నిరీక్షింపనక్కరలేదు.

ద్వారముచెంత బల్లపై వినతిపత్రము నుంచితిమి. సంతకము మాత్రము చేసి పోవలదు. ఏ స్టాపునుండి, ఏ స్టాపునకు, ఏ వేళకు మీకు బస్సు కావలెనో వ్రాయుడు. మీ యింట పనిచేయు ఆమెనడిగి ఆమె వేళయు వ్రాయుడు. మొదటి వరుసలో మా మృతకక్షిదారుని వేళను మేము వ్రాసితిమి: గాజువాక నుండి మధురవాడకు, రాత్రి 10 గంటల 15 నిమిషములు.