బావి దానమును, నీటి పరీక్షయును



చెఱువు త్రవ్వించుటను మన పెద్దలు సప్తసంతానములలో నొకటిగా నెన్నిరి. ఆ సంప్రదాయము ననుసరించియే మన దాతలు గ్రామములందు గొట్టపు బావులు వేయించుచున్నారు. వారికి మేము కృతజ్ఞులము. అయినను ఆ దానమును గూర్చియే నేడొక మాట మనవి చేయుచున్నాము.

ఇరువది యేండ్ల క్రిందట మేము కొందఱము చందాలు ప్రోగుచేసి యొక పల్లెలో బడి ప్రక్కను గొట్టపు బావి వేయించితిమి. ప్రారంభోత్సవము జరిపితిమి, ఛాయాపటములు తీయించితిమి. నీటిని మాత్రము పరీక్ష చేయింపమైతిమి. పదియేండ్ల పిమ్మట ఆ బడి యుపాధ్యాయులొకరు పిల్లల పండ్లపైని మచ్చలను మాకు చూపిరి. ఆ నీరు తేటనిది, చల్లనిది. కాని యందు ఫ్లోరైడు మితిమీరి యున్నది.

ఈ దోషము మన సీమకు క్రొత్త గాదు. 1937వ సంవత్సరమున షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో దీనివలన గలుగు వ్యాధిని గూర్చి ప్రకటించిరి. పిమ్మట నల్లగొండ సీమ దీనికి పేరుపడినది. గ్రానైటు శిలల నడుమ చిరకాలము నిలిచిన నీరు వానినుండి ఫ్లోరైడును గ్రహించును. లీటరు నీటికిది 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచారోగ్య సంస్థ నిర్ణయము.

ఈ వ్యాధి మెల్లమెల్లగా ముదురును. సుమారు ఎనిమిదేండ్లలోపు పిల్లలీ నీరు త్రాగినచో, పిదప వచ్చు పండ్లపై సుద్దవంటి మచ్చలేర్పడి గోధుమవన్నె దాల్చును. ఏండ్లు గడచినకొలది కీళ్లు బిగిసి, మెడ త్రిప్పుటయు నడుము వంచుటయు కష్టమగును. తుదకు వెన్నెముక గట్టిపడి, నరములు నొక్కుకొని, కాళ్లు చచ్చుపడుటయు గలదు. ఆ దశలో ఎముకలను పూర్వస్థితికి దెచ్చు నౌషధము లేదు. నివారణమే శరణ్యము.

నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. ఆవిరియైనకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. పటికయు సున్నమును కలిపి, మడ్డి దిగినపిదప పైతేటను గ్రహించు విధానము నల్లగొండ పేరనే ప్రసిద్ధము. కాని మోతాదు నీటిని పరీక్షించినగాని తెలియదు. శుద్ధిచేసిన నదీజలమో, శుభ్రముగ నిల్వచేసిన వాననీరో దొరకినచో అదియే మేలు.

కావున దాతలకు మా విన్నపమిది. బావి నప్పగించుటకు ముందు నీటిని పరీక్షాశాలకు పంపుడు. ఫలితమును శిలాఫలకముపై మీ పేరి క్రిందనే చెక్కింపుడు. ఏటేటను మరల పరీక్షింపుడు. దోషము తేలినచో ఆ నీటిని స్నానపానములలో స్నానమునకే విడిచి, త్రాగుటకు వేఱు నీటిని సమకూర్పుడు. ఆ పల్లె పిల్లలకు మేమిపుడట్లే చేయుచున్నాము. కాని మచ్చపడిన పండ్లను మార్పజాలకున్నాము. మాకు గలిగిన యీ పశ్చాత్తాపము మీకు గలుగకుండుగాక!