పెట్టె అడుగున పాత నాణెములు

మన ఇండ్లలో భోషాణము అడుగుననో, పూజగదిలోని చెంబులోనో, ఒక పాత గుడ్డమూటలోనో కొన్ని పాత నాణెములు పడియుండుట సర్వసాధారణము. అవి ఎవరో పనిగట్టుకొని సేకరించినవి కావు. చెల్లుబాటు పోయిన తరువాత పారవేయుటకు మనసొప్పక దాచినవి కొన్ని. పండుగనాడు పెద్దలు పిల్లల చేతిలో పెట్టినవి కొన్ని. దూరదేశములకు పోయి వచ్చినవారి సంచులలో మిగిలినవి మరికొన్ని. ఇల్లు మారునప్పుడో, పెద్దలు కాలము చేసిన తరువాత సామానులు పంచుకొనునప్పుడో ఈ మూట బయటపడును. అప్పుడు సాధారణముగా జరుగు మొదటి పని, నాణెములను చింతపండుతో తోముట. రెండవది, వెండివి ఏరి కంసాలికి తూకమునకు ఇచ్చుట. ఈ రెండింటికిని ముందు చేయవలసిన పని వేరొకటి కలదని మనవి చేయుటయే నేటి ప్రసంగోద్దేశము.

ఆ పని నీటితో చేయునది కాదు, కాగితముతో చేయునది. మూట విప్పినవెంటనే నాణెములను కలగాపులగము చేయక, ఏవి ఏ మూటలో, ఏ డబ్బాలో దొరకినవో వ్రాసికొనవలెను. ఇంటిలో వయసు మళ్లినవారు ఉన్నచో వారిని దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక్కొక్కటే చూపి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. ఒక ఉదాహరణము చెప్పెదను. ఉత్తర కోస్తా జిల్లాలనుండి వేలాదిమంది ఒకప్పుడు బర్మాకును, మలయాకును కూలికి పోయిరి. మలయా ప్రాంతమున చెల్లిన ఒక సెంటు నాణెము నలుచదరముగా ఉండును. అట్టిది ఒక ఇంటిలో కనబడినచో అంగడిలో దాని వెల స్వల్పమే. కాని అది ఎవరి మొలసంచిలో ఇంటికి చేరినదో తెలిసినచో, అది ఆ కుటుంబమునకు వలసపత్రము వంటిది. నాణెము నూరేండ్లయినను నిలుచును. దాని కథ మాత్రము చెప్పువారితో పోవును.

ఇక వేరు చేయుట. బల్లపై మెత్తని నూలుగుడ్డ పరచి, నాణెమును అంచులు పట్టుకొని మాత్రమే ఎత్తవలెను. చేతి చెమటలోని ఉప్పు లోహమునకు హాని చేయును. పరిమాణమునుబట్టి కాక, నాణెమును ముద్రించిన ప్రభుత్వమునుబట్టి కుప్పలు చేసినచో పని సులభమగును.

మొదటి కుప్ప కుంపిణీవారి నాణెములు. 1835లో కుంపిణీ తన ఏలుబడి అంతటికిని ఒకే తీరు రూపాయి ప్రవేశపెట్టినది. అంతకు పూర్వము చెన్నపట్టణమున ముద్రింపబడిన కొన్ని నాణెములపై తెలుగు అక్షరములు కలవు. నేడు మనము ధనమునకెల్ల పేరుగా వాడు 'డబ్బు' అను మాట, ఆ కాలమున ఒక రాగినాణెము పేరు.

రెండవ కుప్ప బ్రిటిషు ప్రభువులవి. రూపాయికి 16 అణాలు, 64 కానులు, 192 పైలు. పైని మనవారు దమ్మిడీ అనిరి. రెండణాలను బేడ అనిరి. విక్టోరియా బిరుదు 1876 వరకు రాణి. 1877 నుండి చక్రవర్తిని. ఎడ్వర్డు కాలమున 1907 నుండి వెలువడిన వంకుల అంచు అణాను తిప్పి చూడుడు: ఇతర లిపులతోపాటు మన లిపిలో 'ఒక అణా' అని చక్కగా కనబడును. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిపై రాజు అంగీమీది ఏనుగు బొమ్మ పందివలె ఉన్నదని జనము ఆక్షేపింపగా, మరుసటి సంవత్సరమే ఆ బొమ్మను మార్చిరి. 1943 నుండి 1947 వరకు యుద్ధకాలపు లోహపుకొరతచేత నడుమ రంధ్రముతో వచ్చినదే మన చిల్లుకాని.

వెండి రూపాయల విషయమున ఒక మాట. 1939 వరకు ముద్రించిన రూపాయిలో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. 1940 నుండి వచ్చినవానిలో వెండి సగమే. రెండింటి తూకమును ఒక్కటే: ఒక తులము, అనగా సుమారు 11.66 గ్రాములు. కావున తక్కెడ ఈ భేదమును చెప్పజాలదు, సంవత్సరమే చెప్పవలెను. 1947 రూపాయిలో వెండి బొత్తిగా లేదు. అది నికెలు, అయస్కాంతమునకు అంటుకొనును. వెండి అంటుకొనదు.

మూడవ కుప్ప నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా. చార్మినారు బొమ్మచే వీనిని ఇట్టే గుర్తింపవచ్చును. నడిమి కమానులో 'మీమ్' అక్షరమున్నచో మహబూబ్ అలీఖాన్ కాలపుది. 'ఐన్' ఉన్నచో 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలపుది. వీనిపై ఉండునది హిజరీ సంవత్సరము. అందులో నూటికి మూడు చొప్పున తీసివేసి 622 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. 1361లో 41 తీసివేయగా 1320. దానికి 622 కలుపగా 1942.

నాలుగవ కుప్ప స్వతంత్ర భారతమునవి. 1950లో సింహస్తంభముతో అణాలు వచ్చినవి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలైనవి. 1964 జూన్‌లో 'నయా' అను మాట తొలగినది. సంవత్సరము క్రింద నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాలలో ముద్రింపబడినది. పావలా, అంతకు తక్కువ నాణెములు 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కోల్పోయినవి. అట్లు కోల్పోయినవే రేపటి పాతనాణెములు. వానిని చులకన చేయరాదు. విదేశపు నాణెములు అయిదవ కుప్ప.

ఇప్పుడు తోముట సంగతి. ఇత్తడి బిందెను చింతపండుతో తోముట సరియే. బిందె నీటికొరకు ఉన్నది. నాణెము ఉన్నది దానిమీది అక్షరములకొరకు. ఆ అక్షరముల ఎత్తు వెంట్రుకవాసి. చింతపండులోని పులుసు మురికిని మాత్రమే కరగించి ఊరకుండదు. లోహపు పైపొరను కూడ కరగించును. బూడిద, ఇటుకపొడి, పండ్లపొడి ఆ అక్షరములను అరగదీయును. రాగిపై ఏర్పడిన గోధుమవన్నె పొర మురికి కాదు. అది కాలము కప్పిన కవచము. తోమిన నాణెము ఒక్కపూట తళతళలాడి, మరల నల్లబడును. పోయిన గీత మాత్రము తిరిగిరాదు. అల్యూమినియము పైసలకు పులుసును పడదు, బూడిదయు పడదు. గోదావరి తీరమున కోటిలింగాలలో దొరకిన చిన్న నాణెములమీది కొన్ని అక్షరములే తొలి శాతవాహనులను గూర్చి మనకు తెలిపినవి. ఆ నాణెములు చింతపండు పాలైనచో ఆ అక్షరములు మనకు దక్కియుండెడివా?

లక్ష్మీపూజకు నాణెములను కడిగి, పసుపుకుంకుమలు పెట్టుట మన ఇండ్ల ఆచారము. దానిని మానుకొనుడని నేను చెప్పను. పూజకు రెండు మూడు నాణెములను ప్రత్యేకించి, ఏటేట వానినే వాడుకొని, తక్కినవానిని తాకక ఉంచిన చాలును.

దుమ్ము, జిడ్డు మరీ ఎక్కువగా ఉన్నచో మోటారు బ్యాటరీలలో పోయు శుద్ధజలములో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి నాణెమును నాననిచ్చి, మరల మంచి శుద్ధజలముతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. బాగుగా ఆరిన పిమ్మటనే లోపల పెట్టవలెను. రాగినాణెముపై గట్టిగా అంటియున్న ముదురు ఆకుపచ్చ పొరకు భయపడనక్కరలేదు. పొడిపొడిగా రాలు లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రము రోగము. అది తేమతో పెరుగును. అట్టి నాణెమును వెంటనే వేరుచేసి, పొడిగా ఉంచి, పురావస్తుశాలలోని నిపుణులకు చూపుట మేలు.

దాచుటలో మనము చేయు పొరపాట్లు నాలుగు. రబ్బరు పట్టీతో కట్టుట మొదటిది. అందలి గంధకము వెండిని నల్లబరచును. వార్తాపత్రికలో చుట్టుట రెండవది. మెత్తని ప్లాస్టికు అరలలో పెట్టుట మూడవది. కొన్నేండ్లకు అవి జిడ్డు విడిచి నాణెమును ఆకుపచ్చగా చేయును. కొత్త కొయ్యపెట్టెలో ఉంచుట నాలుగవది. కొయ్యనుండి వెలువడు ఆవిరులు సీసపు నాణెములను తినివేయును. వీనికి బదులు ఆమ్లము లేని కాగితపు చిన్న కవర్లు తెచ్చుకొని, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క నాణెమునే ఉంచవలెను. వివరములను కవరుపై ముందుగా వ్రాసి, ఆ తరువాతనే నాణెమును లోపల వేయవలెను. కవర్లన్నింటిని మూత గట్టిగా పట్టు రేకుడబ్బాలో పెట్టి, మందుసీసాలలో వచ్చునట్టి తేమపీల్చు పొట్లములను రెండింటిని వేయవలెను. సముద్రతీరమున నివసించువారికి ఇది మరింత అవసరము.

మరియొక ముఖ్యవిషయము. ఇంటి మూటలోని నాణెములు వేరు, నేల త్రవ్వునప్పుడు దొరకినవి వేరు. భూమిలో దొరకిన నిక్షేపము విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. వానిని కడుగక, పంచుకొనక, దొరకిన పాత్రతోను మట్టితోను అట్లే అప్పగించుట మన విధి.

అమ్ముకొనవలసిన అవసరము ఎవరికైనను రావచ్చును. అందు తప్పు లేదు. కాని కరగిన వెండి తిరిగి రూపాయి కాదు. అమ్ముటకు ముందు ప్రతి నాణెమునకు రెండు వైపుల ఫోటో తీసి, దాని కథను పుస్తకమున వ్రాసిపెట్టుడు. ఒక ఆదివారము మధ్యాహ్నము, ఒక పుస్తకము, ఒక కలము, ప్రక్కన ఒక పెద్దదిక్కు ఉన్నచో చాలును. చింతపండు వంటింటిలోనే ఉండనిండు.